డెబ్బై ఒకటో సెకను

ముత్యాల్‌పేట, పుదుచ్చేరి
29 జూలై 2025, మంగళవారం

చిరంజీవి శివరామన్‌కు,

అక్క లోగనాయకి దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావ ఇద్దరమూ క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయాల, నాన్న మనకు నేర్పించిన పద్ధతి అది. కానీ నీ రక్తపరీక్ష రిపోర్టు ముందర పెట్టుకుని ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఒకటి పాయింటు మూడు. ఏందిరా ఇది?

పొద్దున పదకొండు గంటలకు ల్యాబ్ నుంచి నా ఫోనుకు వచ్చింది. ఎనిమిదేండ్ల కింద నీ గుండెకు ఇనుప వాల్వు పెట్టిన దినం నుంచి నీ ఫారంలో నా నంబరే ఉంది కదా, అందుకని రిపోర్టు నీకంటే ముందు నేనే చూస్తాను. చూసినప్పటి నుంచి నీకు తొమ్మిది సార్లు ఫోను చేసినా. తొమ్మిది సార్లూ మోగి మోగి ఆగిపోయింది. వాట్సాప్‌లో పెడితే నీ కూతురు ప్రీతిక చూస్తుంది, వాయిస్ పంపితే నీ పెండ్లాం కనగం వింటుంది. వాళ్ళు బెదిరిపోతారు. అందుకే కాగితం తీసినా. మీ ఇంట్లో తెలుగు అక్షరాలు చదివేది నువ్వు ఒక్కడివే. మన ఇంట్లో ఈ అక్షరాలు చచ్చిపోకూడదని నాన్న ఆదివారం ఆదివారం మనిద్దరినీ పలక ముందర కూర్చోబెట్టి చెవులు మెలిపెట్టినందుకు ఇన్నేండ్లకు ఇదొక ఉపయోగం.

నీ ఐఎన్ఆర్, అదే రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతుందో చెప్పే నంబరు, రెండున్నర నుంచి మూడున్నర లోపల ఉండాల. ఎన్ని సార్లు చెప్పినా? పోయిన నెల రెండు పాయింటు తొమ్మిది. అంతకు ముందు నెల మూడు. నా నోటుపుస్తకంలో ఎనిమిదేండ్ల నంబర్లు ఉన్నాయి, ఇంత కిందికి ఒక్కసారి కూడా దిగలేదు. మామూలు మనుషులకు ఒకటి ఉంటుంది. మీ బావకు ఒకటి, నాకు ఒకటి. మాకు ఉండొచ్చు. నీకు ఉండకూడదు. మా గుండెలో ఇనుము లేదు.

నువ్వు వేసుకునే మాత్రను రక్తం పల్చన చేసే మాత్ర అని ఊరంతా అంటుంది, నువ్వూ అదే అంటావు. అది రక్తాన్ని పల్చనా చెయ్యదు, చిక్కనా చెయ్యదు. నీళ్ళు కలిపే పని కాదు అది. విను. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన సరుకు మన లివర్‌లో తయారవుతుంది. ఆ సరుకులో నాలుగు రకాలకు కడాకు మెరుగు పెట్టాల, లేకపోతే అవి పనికి రావు. మెరుగు పెట్టేది విటమిన్ కె. ఒకసారి వాడిన విటమిన్ కె ని లివరు మళ్ళీ బాగు చేసుకుని వాడుకుంటుంది. నీ వార్ఫరిన్ మాత్ర ఆ బాగు చేసే పనిని అడ్డుకుంటుంది. అంతే. సరుకు తయారవుతుంది గాని అరకొరగా తయారవుతుంది, గడ్డకట్టడం నిదానిస్తుంది. ఇది ముప్పై ఒక్క ఏండ్లు ఆ ల్యాబ్‌లో నిలబడి పని చేసిన దాన్ని చెప్తా ఉండాను, టీవీలో చూసి కాదు.

ఇప్పుడు ఆడి నెల. మీ వీధి అమ్మవారి గుడిలో దినమూ కూళ్ళు పోస్తా ఉంటారు. రాగి అంబలి, పక్కన గిన్నెడు మునగాకు. నువ్వు గిన్నెడుతో ఆగే మనిషివా? చిన్నప్పుడు అమ్మ నా ఆకులో వడ్డించిన మునగాకు కూడా లాక్కుని తిన్నోడివి. మునగాకు నిండా విటమిన్ కె. మాత్ర ఒక పక్క వాకిలి మూస్తా ఉంటే నువ్వు ఇంకో పక్క సంచులు సంచులు దించుతా ఉండావు. నేను ఆకుకూర తినొద్దని ఎప్పుడన్నా చెప్పినానా? వారానికి రెండు సార్లో మూడు సార్లో, ఎప్పుడూ ఒకే కొలతలో తిను, మాత్ర లెక్క దానికి సరిపెట్టుకుంటారు అని చెప్పినా. ఒక నెల మానేసి ఒక నెల కుంభం తింటే డాక్టరు ఏం చేస్తాది, నేనేం చేస్తాను!

రేపు పొద్దున అంగడి తెరవక ముందే డాక్టర్ కవిప్రియ దగ్గరికి పో. నీ అంతట నువ్వు రెండు మాత్రలు వేసుకుని సరి చేద్దామని చూడొద్దు, అదింకో అనర్థం. పోయి వచ్చి నాకు ఫోను చెయ్యి.

ప్రీతికకు సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడంట? మీ బావ ఆవకాయ పెట్టినాడు, ఉప్పు చాలలేదు, చెప్తే ఒప్పుకోడు. ఈ ఉత్తరం ఆయన చేతనే పంపుతా ఉండాను.

ఇట్లు,
నీ మేలు కోరే, నీ వల్ల బీపీ తెచ్చుకున్న అక్క,
లోగనాయకి

తా.క.: నీ వాల్వు టిక్కు టిక్కుమని వినిపిస్తా ఉందా? పక్కన పడుకునే కనగాన్ని అడుగు. ఆ చప్పుడు మందగించినట్టు అనిపిస్తే రేపటి దాకా కూడా ఆగొద్దు.


ముత్యాల్‌పేట
31 జూలై 2025, గురువారం

శివరామన్‌కు,

చిరంజీవి అని రాయలేదని కోపగించుకోవద్దు. చిరంజీవిగా ఉండాలని నీకే లేనప్పుడు నేను రాసి ఏం లాభం.

మునగాకు మీద నేను వేసిన నింద వాపసు తీసుకుంటా ఉండాను. పాపం దాని తప్పేమీ లేదు.

నిన్న నువ్వు డాక్టరు దగ్గరికి పోలేదు, ఫోనూ చెయ్యలేదు. సాయంత్రం నేనే ఆటో ఎక్కి కురుచికుప్పం వచ్చినా. అంగడిలో నువ్వు లేవు. కనగం ఒక్కతే కూర్చుని వైతికుప్పం వాళ్ళకు వలలు చూపిస్తా ఉంది. నన్ను చూసి సంతోషంగా లేచి వచ్చి, ఆయన గుడికి పోయినాడు వొదినా అనింది. ఈ నడుమ రెండు పూటలా గుడేనంట. చేతికి విరతం దారం, పసుపు కాపు కట్టినావంట. చాప మీద పడక, ఒంటిపూట భోజనం. సరే, భక్తి అనుకున్నా. మాత్ర సరిగ్గా వేసుకుంటా ఉన్నాడా అని అడిగితే ఆ పిచ్చిది ఏమనిందో తెలుసా? డాక్టరమ్మే పదహైదు దినాలు ఆపమని చెప్పింది కదా వొదినా, మీకు తెలీదా అనింది.

డాక్టరమ్మ ఆపమని చెప్పిందంట! ఇంట్లో ఆలికి అబద్ధం చెప్పి, ఎనిమిది దినాలుగా మాత్ర ముట్టకుండా ఉండావు. నేను కనగానికి నిజం చెప్పకుండా నీ గుడికి వచ్చినా. నువ్వు వెనక వాకిట్లో నుంచి జారుకున్నావు. పూజారి దొరైస్వామి ఉన్నాడు. పేర్ల చిట్టా తీసి చూపించినాడు. ఎనిమిదో తేదీ శుక్రవారం చెడల్ ఉత్సవానికి చెంపలకు అలగు గుచ్చుకునే వాళ్ళు పదునాలుగు మంది. ఏడో పేరు నీది. నాలుగు అడుగుల శూలం, ఈ చెంపలో దూరి ఆ చెంపలో వచ్చేది.

ఇంటికి వచ్చి ల్యాబ్‌లో నా తర్వాత వచ్చిన అభినయకు ఫోను చేసినా. మంగళవారం నువ్వు రక్తం ఇచ్చి పోకుండా అక్కడే కూర్చున్నావంట. నంబరు రాగానే, ఇది మామూలు మనుషులకు ఉన్నట్టు ఉందా అని అడిగినావంట. కొంచెం తేడా, దాదాపు అంతే అనిందంట ఆ పిల్ల. నువ్వు నవ్వుకుంటా పోయినావంట. ఒరే, నువ్వు పరీక్షకు వచ్చింది మాత్ర పని చేస్తా ఉందా అని చూసుకోవడానికి కాదు, పని చెయ్యడం మానిందా అని చూసుకోవడానికి! ముప్పై ఒక్క ఏండ్లలో నేను ఇట్లాంటి పేషెంటును చూడలేదు. చూడక చూడక నా తోడబుట్టినోడినే చూసినా.

నీ మనసులో ఏముందో నాకు తెలుసు. అలగు గుచ్చినప్పుడు రక్తం కారకూడదు. కారితే విరతంలో తప్పు జరిగిందని, ఒళ్ళు శుద్ధిగా లేదని వీధిలో అంటారు. మాత్ర వేసుకుంటే కారుతుంది, వేసుకోకపోతే కారదు. అదే కదా నీ లెక్క? అమ్మవారి మీద అంత నమ్మకం ఉన్నోడివి మాత్ర ఎందుకు ఆపినావు? మాత్ర వేసుకున్నా ఆమె కారనివ్వదు అనుకోవచ్చు కదా? ఆమె మీదా పూర్తి నమ్మకం లేదు, డాక్టరు మీదా లేదు, నడిమధ్య నిలబడినావు.

అలగు గుచ్చితే రక్తం ఎందుకు కారదో నేను చెప్తా విను. దొరైస్వామి చెంపను రెండు వేళ్ళతో లాగి పట్టుకుని సన్నటి చోట గుచ్చుతాడు. గుచ్చిన కమ్మి ఆ రంధ్రంలోనే బిరడా మాదిరి నిలబడి ఉంటుంది. తీసేటప్పుడు విబూది పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకుంటాడు. ఆ అదిమిన రెండు మూడు నిమిషాల్లో లోపల జరగాల్సింది జరిగిపోతుంది. మొదట తెగిన రక్తనాళం ముడుచుకుంటుంది. తర్వాత రక్తంలో తిరిగే చిన్న చిన్న ప్లేట్‌లెట్లు వచ్చి ఆ చోట ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయి. అది తాత్కాలికం, గట్టిగా తుడిస్తే పోతుంది. దాన్ని నిలబెట్టడానికి లివర్ పంపిన సరుకు ఒకటి ఇంకొకదాన్ని లేపి, అది మరొకదాన్ని లేపి, కడాకు రక్తంలో కరిగి ఉన్న ఒక పదార్థం నూలు మాదిరి పోగులుగా సాగుతుంది. ఆ నూలు అడ్డం నిలువు అల్లుకుని వల అవుతుంది. నీ అంగడిలో వలకు చేప చిక్కినట్టు దానికి రక్తకణాలు చిక్కుకుంటాయి. అదే గడ్డ. చెంప మీద ఆ వల పడితే మంచిదే.

నీ లోపల ఇనుప వాల్వు మీద కూడా అదే వల పడుతుంది, అది నీకు అర్థం కాలేదు. రక్తానికి ఇనుము అంటే పరాయిది. పుండు అనుకుంటుంది. రక్తనాళం గోడ మెత్తగా ఉండి గడ్డకట్టొద్దని చెప్తా ఉంటుంది, ఇనుము అట్లా చెప్పదు. మాత్ర లేకపోతే ఆ రెండు రేకుల సందులో నూలు పోగు ఒకటి పడుతుంది, దాని మీద ఇంకొకటి. ఒక దినం రేకు తెరుచుకోదు. లేదంటే ఒక ముక్క తెగి మెదడుకు పోతుంది. నోరు వంకర పోయి, కుడి చెయ్యి పడిపోయి మా ఆసుపత్రికి వచ్చిన వాళ్ళ పేర్లు చెప్పమంటావా? వాళ్ళలో సగం మంది నీ మాదిరే నాలుగు దినాలు ఆపితే ఏమవుతుంది అనుకున్న వాళ్ళే.

ఇదంతా అమ్మ చేసిన పని. నీ ఆపరేషన్ జరిగే దినం ఆమెకు పొద్దు పోక, వాడు లేచి నడిస్తే అలగు గుచ్చిస్తాను అని మొక్కింది. మొక్కేటప్పుడు కొడుకు గుండెలో ఏం పెడతా ఉన్నారో అడిగి తెలుసుకుందా? చదువు లేని మనిషి, నోటికొచ్చింది మొక్కేసి పోయిన సంవత్సరం తనదారిన తాను పోయింది. ఆ మొక్కు మన నెత్తిన పడింది.

మీ బావ వాకిట్లో నిలబడి ఉంటాడు. ఇది చదివిన వెంటనే ఆయనతో బయలుదేరి డాక్టర్ కవిప్రియ దగ్గరికి పో.

ఇట్లు,
నీ అక్క,
లోగనాయకి


ముత్యాల్‌పేట
3 ఆగస్టు 2025, ఆదివారం

చిరంజీవి శివరామన్‌కు,

అక్క దీవెనలు. చిరంజీవి అని మళ్ళీ రాసినా, చూసుకో. మూడు దినాలు ఆలోచించి రాసినా.

నీ ఉత్తరం మీ బావ తెచ్చి ఇచ్చినాడు. ఎన్నేండ్లయింది నీ చేతిరాత చూసి! ఇప్పటికీ కొమ్ములు ఇవ్వడం మర్చిపోతావు. నాన్న ఉండుంటే చెవి పట్టుకునేవాడు. చదివి నాకు ఏడుపూ వచ్చింది, నిన్ను నాలుగు తగిలించాలనీ అనిపించింది.

నువ్వు రాసిన మాటలు నాకు అర్థం అయినాయి. ఆసుపత్రిలో కడపటి దినం అమ్మ నీ చెయ్యి పట్టుకుని, శివా ఆ అలగు మొక్కు బాకీ నిలిచిపోయిందిరా అనిందని, అదే ఆమె నీతో మాట్లాడిన కడపటి మాట అని. ఏడాది సూతకం తీరి వచ్చిన మొదటి ఆడి ఇదేనని. అమ్మ నోటితో మొక్కింది అమ్మే మార్చాల, ఆమె లేదు కాబట్టి మార్చే హక్కు ఎవరికీ లేదని. అమ్మను పట్టుకుని నోటికొచ్చింది మొక్కింది అని ఎట్లా రాసినావు అక్కా అని. తొమ్మిదో తేదీ పొద్దున మాత్ర మళ్ళీ మొదలుపెడతానని. అంత దాకా కనగానికి చెప్తే జన్మలో నా మొగం చూడనని.

మొగం చూడకపోతే పోయె. చూసేదానికి నువ్వు ఉంటే చాలు.

తొమ్మిదో తేదీ మొదలుపెడతా అంటా ఉండావే, అదేమన్నా లైటు స్విచ్చా వెయ్యగానే వెలగడానికి? వార్ఫరిన్ వేసుకున్న దినమే పని చెయ్యదు. లివర్ ఇప్పటికే మెరుగు పెట్టి రక్తంలోకి వదిలిన సరుకు అంతా ఖర్చయిపోవాల. దానికి అయిదారు దినాలు, నీ నంబరు రావడానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అంటే నువ్వు ఆపింది పదహారు దినాలు కాదు, దాదాపు నెల. నెల దినాలు గుండెలో ఇనుము పెట్టుకుని కాపలా లేకుండా తిరుగుతావా?

పన్ను పీకేటప్పుడు, కడుపు ఆపరేషన్‌కు డాక్టర్లే ఆపుతారు కదా అని అడిగినావు. కొన్నిటికి ఆపుతారు, కొన్నిటికి అసలు ఆపనే ఆపరు. ఆపినప్పుడు దినాలు లెక్కబెట్టి ఆపుతారు. నీ మాదిరి వాల్వు ఉండే వాళ్ళకు ఆ సందులో హెపారిన్ సూది వేస్తారు. అది లివర్ దాకా పోదు. రక్తంలోనే గడ్డను అడ్డుకునే కావలివాడు ఒకడు ముందే ఉంటాడు, వాడికి బలం ఇస్తుంది. అందుకే వెంటనే పని చేస్తుంది, ఆపితే వెంటనే దిగిపోతుంది. నువ్వు ఏ సూది వేసుకున్నావు? పసుపు కాపు కట్టుకున్నావు.

నిన్న నేనే డాక్టర్ కవిప్రియను చూసినా. మొదట నా మీద అరిచింది, ఇన్ని దినాలు చెప్పకుండా ఏం చేస్తా ఉన్నారని. నువ్వు ఈ రోజే పోయి స్కాను తీయించుకోవాలంట. వాల్వు మీద ఏమీ పట్టకుండా ఉంటే మాత్ర మొదలు, నంబరు ఎక్కే దాకా పొట్ట మీద సూది. అలగు గురించి కూడా అడిగినా, అడగకుండా ఎట్లా ఉంటాను. మాత్ర మీద ఉండే మనిషి చెంపలో శూలం గుచ్చుకుంటే ఆగకుండా కారొచ్చు, మాత్ర మానితే వాల్వు మూసుకోవచ్చు, ఈ రెండింటికీ నడుమ దారి లేదు, అలగు వద్దంటే వద్దు అనింది. ఆమె కూడా ఆడి నెల విరతం ఉండే మనిషే, తాళికి పసుపు పూసుకుని కూర్చుని ఉంది.

ఇంతకంటే నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. లివర్ గురించి చెప్పినా, నూలు గురించి చెప్పినా, బెదిరించినా, తిట్టినా. నువ్వు అమ్మ మాట అంటావు. రిపోర్టుతో పోట్లాడొచ్చు, చచ్చిపోయిన అమ్మతో నేనెట్లా పోట్లాడేది?

ప్రీతిక నిన్న వచ్చి పోయింది. చిన్నప్పుడు నీ ఎద మీద చెవి పెట్టి, నాన్న లోపల గడియారం మింగినాడు అనేది గుర్తుందా? ఇప్పుడు పెద్దదయింది, నాన్న ఎందుకో ఈ నడుమ మెట్లు ఎక్కితే ఆయాసపడతా ఉన్నాడు అత్తా, ఒంటిపూట తిండి వల్లనేమో అనింది. ఒంటిపూట తిండి వల్లనే అయ్యుంటుంది అని నేను అబద్ధం చెప్పినా. మన ఇంట్లో అబద్ధం చెప్పడం ఎవరికీ కొత్త కాదు.

ఇట్లు,
నీ అక్క,
లోగనాయకి

తా.క.: ఉత్తరం మడిచి మీ బావకు ఇచ్చేసినా. ఆయన చెప్పులు వేసుకుంటా ఉంటే వెనక్కి తీసుకుని మళ్ళీ విప్పినా. రాయకుండా దాచిపెట్టుకున్న మాట ఒకటి ఉంది. ఎనిమిదేండ్లు దాచినా.

ఆ మొక్కు అమ్మది కాదు. నాది.

నీ ఆపరేషన్ అయిన సాయంత్రం నిన్ను మెషిను మీద నుంచి దించినాక నీ ఎదలో పెట్టిన గొట్టాల్లో రక్తం ఆగలేదు. మీకెవ్వరికీ చెప్పలేదు, కనగానికీ ఇప్పటికీ తెలీదు. ఆపరేషన్‌లో నీ రక్తాన్ని గుండె బదులు మెషిను తిప్పింది, దాంట్లో గడ్డకట్టకూడదని హెపారిన్ పోసినారు, తర్వాత దాని విరుగుడూ ఇచ్చినారు. అయినా ఆగలేదు. నీ శాంపిలు పరుగున ల్యాబ్‌కు పంపినారు. డ్యూటీలో ఉన్నది నేనే. ఆ దినం మా ల్యాబ్ మెషిను పాడయి ఉంది. చేత్తో చెయ్యాల, పాత పద్ధతిలో.

నీ రక్తం పైన తేలిన పసుపు నీళ్ళు, అదే ప్లాస్మా, గాజు ట్యూబులో తీసి, గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి, మందు కలిపి, స్టాప్‌వాచ్ నొక్కినా. ట్యూబు వంచి వంచి చూడాల, నూలు పోగు ఎప్పుడు పడుతుందా అని. మామూలు మనిషికి పన్నెండో సెకనుకు పడుతుంది. ఇరవై అయింది. నలభై అయింది. నీళ్ళు నీళ్ళుగానే ఉన్నాయి. అరవై దాటినాక నాకు చదువూ లేదు, ల్యాబూ లేదు. మీ వీధి అమ్మవారిని తలుచుకుని, అమ్మా, ఈ ట్యూబులో నూలు పడితే నా తమ్ముడి చెంపకు అలగు గుచ్చిస్తాను అని పైకే అన్నా. తెల్ల కోటు వేసుకుని, చేతిలో నీ రక్తం పట్టుకుని అన్నా. డెబ్బై ఒకటో సెకనుకు నూలు పడింది.

నేను రిపోర్టు ఇచ్చినాక పైన ప్లాస్మా సంచులు ఎక్కించినారు, డాక్టర్లు చెయ్యాల్సింది చేసినారు, నీ రక్తం ఆగింది. అదంతా నాకు తెలుసు. అయినా ఆ సెకను నాకు మర్చిపోవడానికి కాలేదు.

బయట బెంచీ మీద కూర్చున్న అమ్మ దగ్గర చెప్పుకుని ఏడ్చినా. ల్యాబ్‌లో పని చేసే దానివి, నలుగురూ నవ్వుతారు, నా పేరు మీద ఉండనీ అనింది. అప్పటి నుంచి అది అమ్మ మొక్కు అయిపోయింది. ప్రతి ఆడికీ ఆమె నన్ను అడిగేది, ఎప్పుడే తీర్చేది అని. వాడు మాత్రలో ఉన్నాడు, ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు అని ఎనిమిదేండ్లు నేనే దాటవేసినా. కడపటికి ఆమె నీతో చెప్పిపోయింది, అప్పుడు కూడా నా పేరు చెప్పలేదు. అట్లాంటి మనిషిని పట్టుకుని మొన్న నీకు రాసిన ఉత్తరంలో చదువు లేనిది అన్నా. నేను కాదా చదువు లేనిది? నా రక్తం కాదు, నా చెంప కాదు, నీ చెంప మొక్కినా. నిన్ను అడగనైనా అడగలేదు.

మొక్కినోళ్ళే మార్చాల అని నువ్వు రాసినావు కదా. మొక్కినది బతికే ఉంది. ఈ పొద్దున గుడి తెరవగానే దొరైస్వామి దగ్గరికి పోయి అంతా చెప్పి అమ్మవారి ముందర తప్పు ఒప్పుకుని చెంపలు వేసుకున్నా. ఆయన పేర్ల చిట్టాలో ఏడో పేరు కొట్టేసినాడు. పాల్‌కుడం మోసేవాళ్ళ చిట్టాలో నా పేరు రాసినాడు. శుక్రవారం తల మీద పాల కుండతో నాలుగు వీధులు తిరగాల. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు.

మీ బావ ఆటో పెట్టుకుని మీ వాకిట్లో ఉన్నాడు. మొదట స్కానుకు పో. డాక్టరు సరే అంటే శుక్రవారం నా పక్కన నడువు, కుండ జారితే పట్టుకోవడానికి ఒకడు కావాల. ఆ దినం మాత్ర వేసుకునే రా.